డాబా మీద ఎండ ఎవరిది?

"మరి మిరపకాయలు ఎక్కడ ఎండబెడతావే అమ్మాయ్?"

సోలార్ కంపెనీ అబ్బాయి టేపు పెట్టి మా డాబా అంతా కొలుచుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాక మా అత్తయ్య వేసిన మొదటి ప్రశ్న ఇది. మా వారు నవ్వేశారు. "కరెంటు బిల్లు సున్నా అవుతుందంటే నువ్వు మిరపకాయల గురించి ఆలోచిస్తున్నావా అమ్మా" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కుర్రాడు గంటసేపు మాట్లాడాడు కానీ, ఆ డాబా మీద ఇప్పుడు ఏం జరుగుతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

గుంటూరులో డాబా ఉన్న ఇంటికి ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ డాబాయే వంటిల్లు. కొత్త మిరపకాయలు కొని తెచ్చి నాలుగెండలు కాయించి, తొడిమలు తీయించి, మిల్లుకి పంపాలి. ఆ తర్వాత వడియాలు, ఊరమిరపకాయలు, చింతపండు, కందిపప్పు. ఆవకాయ రోజుల్లో కడిగి తుడిచిన మామిడికాయలు. మధ్యలో పరుపులు, దుప్పట్లు. ఇవన్నీ ఎవరి లెక్కలోనూ రావు, ఎందుకంటే వీటికి బిల్లు రాదు.

అందుకే ఈసారి ఆ లెక్కేదో నేనే వేద్దామని కూర్చున్నాను. ఈ మధ్య మీలో చాలామంది ఇదే అడుగుతున్నారు: "పీఎం సూర్యఘర్ పెట్టించుకోమంటావా, వద్దంటావా?" ఒక్క ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. నా నోటుపుస్తకంలో ఉన్నది చెబుతాను, మీ బిల్లు పక్కన పెట్టుకుని చదవండి.

పథకం సంగతి చాలామందికి తెలిసిందే. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000 చొప్పున, మూడో దానికి 18,000 సబ్సిడీ. అంటే ఒక కిలోవాటుకి 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000. మీరు పది కిలోవాట్లు పెట్టించుకున్నా ఆ 78,000 దాటదు. ముందు మనం డబ్బు కట్టాలి (లేదా బ్యాంకు అప్పు), పని పూర్తయి మీటరు మార్చాక సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది. దేశంలో తయారైన ప్యానెళ్ళే వాడాలి, పోర్టల్‌లో నమోదైన వాళ్ళ చేతే పెట్టించాలి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ఉచితంగా, బీసీ కుటుంబాలకి కేంద్రం ఇచ్చేదాని మీద ఇంకొంత కలిపి ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. మీకు అది వర్తిస్తే కింద నేను రాసే లెక్క మీకు ఇంకా లాభంగా మారుతుంది.

ఇప్పుడు మా ఇల్లు. కింద పోర్షన్, పైన ఒక గది, ఒకే ఒక్క ఏసీ. ఎండాకాలం నాలుగు నెలలు సుమారు 400 యూనిట్లు, మిగతా ఎనిమిది నెలలు 220 దాకా. ఏడాదికి 3,360 యూనిట్లు అనుకోండి.

బిల్లు వెనక స్లాబులు ఎప్పుడైనా చూశారా? నేను పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొన్ననే చూశాను. మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90. తర్వాత 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6. అక్కడి నుంచి 400 దాకా 8.75. ఆ పైన 9.75. అంటే మార్చిలో నేను వాడే ఆఖరి యూనిట్, డిసెంబరులో వాడే మొదటి యూనిట్ కంటే నాలుగు రెట్లకు పైగా ఖరీదు. ఈ ఒక్క విషయం అర్థమైతే సోలార్ వాళ్ళు చెప్పే మాటల్లో సగం మనమే తేల్చుకోవచ్చు.

400 యూనిట్లు కాలిన నెలలో మాకు యూనిట్ల చార్జీయే 2,548 రూపాయలు. 220 కాలిన నెలలో 987. సర్దుబాటు చార్జీలు, సుంకం, మిగతా గొడవంతా వేరు. మొత్తం మీద ఏడాదికి పద్దెనిమిది వేలు.

మన ఎండకి ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకి 120. మబ్బు రోజుల్లో తగ్గుతుంది. రెండు కిలోవాట్లయితే నెలకి 240. అప్పుడు మాకు ఎనిమిది నెలలు యూనిట్ల చార్జీ ఉండదు. ఎండాకాలం 160 యూనిట్లు కొనుక్కోవాలి, నెలకి 627 రూపాయలు. ఏడాదికి ఆదా పదిహేను వేల ఐదు వందలు. మాకు చెప్పిన ధర లక్షా నలభై వేలు, సబ్సిడీ పోను ఎనభై వేలు. అయిదేళ్ళ చిల్లరలో డబ్బు తిరిగొస్తుంది. ప్యానెళ్ళకి పాతికేళ్ళ వారంటీ అంటారు, మధ్యలో ఇన్వర్టరు ఒకసారి మార్చుకోవాల్సి రావచ్చు. అయినా సరే, ఇది మంచి బేరమే. ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ అబ్బాయి మాకు చెప్పింది మూడు కిలోవాట్లు. "అందరూ మూడే పెట్టించుకుంటున్నారు మేడమ్, సబ్సిడీ మొత్తం వచ్చేస్తుంది." రెండు లక్షలు, సబ్సిడీ పోను లక్షా ఇరవై రెండు వేలు. అంటే మూడో కిలోవాటు కోసం మా చేతి నుంచి ఇంకో నలభై రెండు వేలు. దాని వల్ల మాకు ఏడాదికి అదనంగా మిగిలేది రెండున్నర వేలు కూడా లేదు! ఎందుకంటే ఖరీదైన పై స్లాబు యూనిట్లన్నీ మొదటి రెండు కిలోవాట్లే తినేశాయి. మూడోదానికి మిగిలింది చవక యూనిట్లు. పైగా అది తయారుచేసే కరెంటులో ఎక్కువ భాగం మేం వాడుకోలేం. మిగులు యూనిట్లకి డబ్బులిస్తారు, నిజమే, కానీ మనం కొనే 8.75 రేటుకి కాదు.

సబ్సిడీ మొత్తం రావాలని అవసరం లేని కిలోవాటు కొనడం, రెండు కొంటే ఒకటి ఉచితమని ఆషాఢం సేల్‌లో కట్టుకోని చీర తెచ్చుకోవడం లాంటిది. అది మనం చేస్తే తిడతారు గానీ, మగవాళ్ళు చేస్తే పెట్టుబడి అంటారు.

ఇంకో మాట. కిలోవాటుకి సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. మా డాబా మీద మెట్ల గది, నీళ్ళ ట్యాంకు, పక్కింటి వాళ్ళ కొబ్బరిచెట్టు నీడ తీసేస్తే మిగిలేది అయిదు వందల అడుగులు. మూడు కిలోవాట్లయితే మూడు వందలు పోతాయి, మిగిలిన రెండు వందల్లోనూ నడవడానికి, ప్యానెళ్ళు కడగడానికి దారి వదలాలి. రెండు కిలోవాట్లయితే మూడు వందలు మిగులుతాయి. అంటే మా అత్తయ్య అడిగిన ప్రశ్నకీ, నా నోటుపుస్తకానికీ ఒకటే జవాబు వచ్చింది. "ఎత్తు స్టాండు వేస్తాం మేడమ్, కింద మీ పనులు చేసుకోవచ్చు" అన్నాడు ఆ అబ్బాయి. దానికి ఖర్చు వేరే. అయినా నీడలో మిరపకాయలు ఎండబెట్టమనే మనిషికి ఏం చెప్పను?

అందరికీ ఇది లాభమేనా అంటే కాదు. మా అమ్మ ఒంగోలులో ఒక్కతే ఉంటుంది. నెలకి వంద యూనిట్లు దాటదు, యూనిట్ల బిల్లు 304 రూపాయలు. ఒక కిలోవాటు పెట్టించినా సబ్సిడీ పోను నలభై వేలు పెట్టాలి. నెలకి మూడు వందల చొప్పున పదకొండేళ్ళు పడుతుంది అసలు రావడానికి. అమ్మకి వద్దని చెప్పేశాను. ఆ డబ్బులో నాలుగో వంతుతో ఇల్లంతా బీఎల్‌డీసీ ఫ్యాన్లు మార్చేస్తే చాలు. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఇది 30 చిల్లర. రోజుకి పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకి పదహారు యూనిట్లు మిగులుతాయి. చప్పుడు ఉండదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ మీద ఎక్కువసేపు తిరుగుతుంది.

కరెంటు పోవడం అంటే గుర్తొచ్చింది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, నేనే తవ్వి తెలుసుకున్నాను. సూర్యఘర్ కింద మామూలుగా పెట్టే ప్యానెళ్ళు కరెంటు పోతే పనిచేయవు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే, బయట లైను ఆగితే మన ఇంట్లో ప్యానెల్ కూడా ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగలకుండా అలా ఏర్పాటు చేస్తారు. మంచిదే. కానీ "సోలార్ ఉందిగా, ఇక కరెంటు కోత ఉండదు" అని పాత ఇన్వర్టరు అమ్మేసుకున్న వాళ్ళని నేను చూశాను. మీరు అమ్మకండి.

ఇక అసలు గొడవ. అప్లికేషను పెడదామని కూర్చుంటే కరెంటు మీటరు మా మావయ్యగారి పేరు మీద ఉంది. ఆయన పోయి ఆరేళ్ళు. నెలనెలా ఆయన పేరు మీదే బిల్లు వస్తుంది, మేం కడుతున్నాం. పేరు మార్చాలంటే ఇంటి కాగితం కావాలి. ఇల్లూ ఆయన పేరు మీదే. మా మరిది హైదరాబాదులో ఉంటాడు, ఇంకా పంపకాలు కాలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ గుర్తురాని విషయం, డాబా మీద ఎండకి విలువ వచ్చేసరికి బయటికొచ్చింది. ఉమ్మడి డాబా మీద మేం ఎనభై వేలు పెడితే అది ఎవరిది? రేపు పై అంతస్తు వేసుకుంటానని మా మరిది అంటే?

మా వారు "నా పేరు మీద మార్పించేస్తాను, వాడేమీ అనడు" అన్నారు. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే మాట్లాడాను. మీటరు అత్తయ్య పేరు మీదకి మారాలన్నాను. ఆవిడ ఆ ఇంట్లో నలభై ఏడేళ్ళుగా ఉంటోంది. ఆ డాబా స్లాబు వేసిన రోజున కూలీలకి అన్నం వండింది ఆవిడ. ఇప్పటిదాకా ఆవిడ పేరు మీద ఉన్నది రేషన్ కార్డు, ఒక బ్యాంకు పుస్తకం. అన్నదమ్ములిద్దరిలో ఏ ఒక్కరి పేరు మీద పెట్టినా రెండో వాళ్ళకి మనసులో ఏదో ఉంటుంది. అమ్మ పేరు మీద పెడితే ఎవరికీ అనడానికి ఏమీ ఉండదు. ఇద్దరూ నిరభ్యంతర పత్రం మీద సంతకం పెడితే సరిపోతుందని ఆఫీసులో చెప్పారు. అది కూడా మూడోసారి వెళ్తే చెప్పారు, మొదటి రెండుసార్లు ఒకసారి ఒక కాగితం, ఇంకోసారి ఇంకో కాగితం అడిగి పంపేశారు. మీలో ఎవరైనా ఈ పథకం గురించి ఆలోచిస్తుంటే ముందు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి. ప్యానెళ్ళ ధర ఆ తర్వాత అడగొచ్చు.

అత్తయ్య ఏమందో చెప్పలేదు కదూ. "నా పేరు మీదెందుకే, ఎన్నాళ్ళుంటాను" అంది. తర్వాత సాయంత్రం నా దగ్గరకొచ్చి, "పొలం కౌలు డబ్బులు నా ఖాతాలో ముప్పై వేలున్నాయి, అవి కూడా కలుపు" అంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను. 2014 చివర్లో గుర్తుందా, పాత 60 వాట్ల బల్బులు రెండు తీసుకెళ్తే, ఒక్కోటి పది రూపాయలకి ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు. దేశమంతటికీ ఉజాలా రాకముందే మన రాష్ట్రంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది, అందులో గుంటూరు ఒకటి. మా అత్తయ్యే వరుసలో నిలబడి తెచ్చింది. 60 వాట్ల బల్బు రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి దాదాపు పదకొండు యూనిట్లు. అదే 7 వాట్లదైతే ఒకటింబావు యూనిటు. ఇరవై రూపాయలు ఇంటి ఖర్చుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది. అప్పు లేదు, ఇంటి కాగితం లేదు, అద్దె ఇల్లా సొంత ఇల్లా అని ఎవరూ అడగలేదు. ఏ మగవాడి సంతకమూ అక్కర్లేకపోయింది. నేను చూసిన ఇలాంటి పథకాల్లో ఇంత నేరుగా వంటింటికి వచ్చింది ఇంకోటి లేదు.

సూర్యఘర్ అలాంటిది కాదు. సొంత డాబా ఉండాలి, పెద్ద బిల్లు రావాలి, కాగితాలు సరిగ్గా ఉండాలి. ఉన్నవాళ్ళకి మంచి పథకం. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి, రేకుల కింద ఉండేవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

మా ఇంటికి ఏటా మిరపకాయల తొడిమలు తీయడానికి ఒకావిడ వస్తుంది. మిగతా రోజుల్లో కోల్డ్ స్టోరేజీల వైపు కూలికి వెళ్తుంది. ఇంటికెళ్ళాక చేతులు మండుతుంటే నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుందట. ఆవిడది ఒక గది, పైన సిమెంటు రేకులు. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ ఉండలేరు, పిల్లల్ని తీసుకుని గుడి అరుగు మీద కూర్చుంటుంది. బిల్లు డెబ్బై యూనిట్లు దాటదు. ఆవిడ దగ్గరకెళ్ళి సోలార్ గురించి ఏం చెప్పాలి? 2015 మే నెలలో వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు, ప్రకాశం జిల్లాలో మరీ ఎక్కువ. పోయిన వాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసే వాళ్ళు, ముసలివాళ్ళు, ఇలాంటి ఇళ్ళలో ఉండేవాళ్ళే.

ఆవిడకి కావలసింది ఆ కప్పు మీద తెల్ల పూత. ఇది కొత్త సంగతేం కాదు, మన పెద్దవాళ్ళు డాబాల మీద సున్నం కొట్టించేవారు. పోయిన మార్చిలో మా మెట్ల పక్క గది పైన నేనూ వేయించాను. పక్కన సున్నం వేయని చోట మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, దీని మీద నిలబడగలిగాను. కింద గదిలో ఏసీ వేసే గంటలు తగ్గాయి. నాకైన ఖర్చు కూలీతో కలిపి రెండు వేల లోపే. వానలకి కొంత పోయింది, ఈ ఏడు మళ్ళీ వేయాలి.

తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చారు. బాగానే ఉంది. కానీ తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్ళకి. చిన్న ఇళ్ళకి ఇష్టమైతే వేసుకోవచ్చు. మళ్ళీ అదే వరస, వేడి ఎక్కడ ఎక్కువుందో అక్కడ "ఇష్టమైతే". అహ్మదాబాదులో బీదల బస్తీల కప్పుల మీద తెల్ల పూత వేయించే పని నగరపాలకులే చేపట్టారు. గుంటూరు కార్పొరేషను, ఒంగోలు కార్పొరేషను ఆ పని చేయలేవా? మూడు కిలోవాట్లకి ఒక ఇంటికిచ్చే 78,000తో ముప్పై, నలభై రేకుల ఇళ్ళకి పూత వేయించొచ్చు. నేను సోలార్ సబ్సిడీ వద్దనడం లేదు, నేనూ తీసుకోబోతున్నాను కాబట్టి అలా అంటే బాగోదు కూడా. ఆ పథకం ఉండనీ, పక్కన ఇదీ ఉండాలి అంటున్నాను. రెంటచింతల ఎండల గురించి ఏటా పేపర్లో చదువుకునే జిల్లాల్లో ఇది అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఈ సంవత్సరం మిగిలిన సున్నం బస్తా ఆవిడ రేకులకి పంపుదామనుకున్నాను. పాత రేకుల మీద కాళ్ళు పెట్టి ఎక్కితే విరుగుతాయని మేస్త్రీ చెప్పాడు, నిచ్చెన మీదే నిలబడి పొడవు కర్ర బ్రష్షుతో వేయాలట. ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఆదివారమే మా మరిది కూడా వస్తున్నాడు, సంతకానికి. మా అత్తయ్య నిన్న డాబా ఎక్కి ముగ్గుపిండితో గీత గీసింది, ఇటు ప్యానెళ్ళు, అటు మిరపకాయలు అని. గీత ఎండ ఎక్కువ పడే వైపు మిరపకాయలకే వచ్చేలా ఉంది. నేనేం అనలేదు. సంతకం అయ్యేదాకా అననుకూడా. గోంగూర మాంసం వండుతున్నాను, మా మరిదికి అది ఇష్టం.